వార్తల్లో పదం: క్లోరిన్ తుప్పు
థర్మల్ కేంద్రాల్లో బొగ్గుతోపాటు 5 శాతం మేర, వరిగడ్డి లాంటి పంట వ్యర్థాలతో చేసిన బయోమాస్ గుళికలూ మండించాలని కేంద్ర విద్యుత్ శాఖ 2021లో విధానం తెచ్చింది. గడ్డి మండించడం తేలికే, చిక్కంతా బూడిదతోనే. వరిగడ్డిలోని పొటాషియం, క్లోరిన్ మంటలో వాయువుగా లేచి, బాయిలర్ గొట్టాల మీద ఉప్పు పూతలా పేరుకుంటాయి. ఆ పూత కింద క్లోరిన్ ఇనుమును తినేస్తుంది. పైగా తాను ఖర్చు కాదు, విడివడి మళ్లీ దాడి చేస్తుంది. అదే క్లోరిన్ తుప్పు.

చెత్తతో ఇంకా కష్టం. అందులో ఉండే పీవీసీ ప్లాస్టిక్ బరువులో సగానికి పైగా క్లోరినే! వేడి పెరిగేకొద్దీ తుప్పూ పెరుగుతుంది. అందుకే చెత్తను మండించే విద్యుత్ కేంద్రాల్లో ఆవిరిని సాధారణంగా 400 డిగ్రీల దగ్గరే ఆపుతారు, కరెంటు దిగుబడి ఆ మేరకు తగ్గుతుంది. డెన్మార్క్‌లో వానకు నాని రంగు మారిన గడ్డి (పశువులు మూతి తిప్పుకునే రకం) బాయిలర్లకు మేలంటారు, నీళ్లు క్లోరిన్‌ను కడిగేస్తాయి కాబట్టి. గడ్డిని బొగ్గుతో కలిపి మండిస్తే బొగ్గులోని గంధకం క్లోరైడ్‌ను సల్ఫేట్‌గా మార్చి గొట్టాలను కొంత కాపాడుతుంది.