గుడ్డు చెప్పిన గుట్టు

కోడి గుడ్ల మీద పొదుగుతుంది. 21 రోజులకు పిల్ల బయటికి వస్తుంది. ఇది మనకు తెలిసిందే. మరి ఆ 21 రోజులూ గుడ్డు లోపల ఏం జరుగుతుంది? రెక్క ఎలా మొలుస్తుంది? రెక్కను కదిపే నరం అక్కడికి ఎలా చేరుతుంది?

ఈ ప్రశ్నల వెంటపడి జీవితమంతా పనిచేసిన ఒకామె ఉంది. ఆమె పేరు రీటా లెవీ మోంటాల్చినీ.

రీటా 1909లో ఇటలీ దేశంలో, ట్యూరిన్ నగరంలో పుట్టింది. తండ్రి ఇంజనీరు. తల్లి బొమ్మలు వేసేది. తండ్రికి కూతుళ్లంటే ప్రేమే. కానీ ఆడపిల్లకు పెద్ద చదువు వద్దనేవాడు. చదివితే సంసారానికి అడ్డమని ఆయన భయం.

ఇంట్లో రీటాను పెంచిన ఒకామె క్యాన్సర్‌తో చనిపోయింది. తను డాక్టరు కావాలని రీటా అప్పుడే అనుకుంది. అప్పటికి ఆమెకు 20 ఏళ్లు. తండ్రిని ఒప్పించింది. చదవని పాఠాలన్నీ 8 నెలల్లో చదివేసింది. 1936లో డాక్టరు పరీక్ష పాసయింది.

రెండేళ్లు గడిచాయి. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం కొత్త చట్టాలు తెచ్చింది. యూదులు విశ్వవిద్యాలయాల్లో పనిచేయకూడదంది. రీటాది యూదు కుటుంబం. ఆమె పని పోయింది.

రీటా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తన పడకగదినే ప్రయోగశాల చేసుకుంది. కుట్టుసూదులను నూరి సన్నని కత్తుల్లా వాడింది. ఇంతలో యుద్ధం ముదిరింది. ఊరి మీద బాంబులు పడ్డాయి. కుటుంబం పల్లెకు చేరింది. అక్కడ రీటా సైకిలు మీద తిరిగి రైతులను గుడ్లు అడిగేది. పుంజు కలిసిన పెట్ట పెట్టిన గుడ్లే కావాలి. లేకపోతే లోపల పిల్ల కట్టదు కదా! "మా పిల్లలకు బలం" అని చెప్పేది. నిజానికి ఆమెకు పిల్లలు లేరు. పెళ్లే కాలేదు.

ఇక్కడ ఒక మాట. రక్తం పారే గొట్టాలను కూడా మనం నరాలంటాం. ఇవి అవి కావు. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ కబురు మెదడుకు చేర్చే నరాలు ఇవి. ఇవి కణాల నుంచి పుడతాయి. గోడకు ఇటుకలు ఎలాగో, ఒంటికి కణాలు అలాగ.

రీటా గుడ్డు లోపలి పిండానికి మొలుస్తున్న రెక్కను తీసేసి చూసింది. రెక్క లేకపోతే దానికి చేరాల్సిన నరాల కణాలు అసలు పుట్టవని అప్పటిదాకా అనుకునేవారు. అది నిజం కాదు. కణాలు పుట్టాయి. రెక్క వైపు సాగాయి కూడా. కానీ తర్వాత చచ్చిపోయాయి. ఎందుకు? రెక్క నుంచి వాటికేదో అందాలి. అది అందలేదు. తల్లిపాలు అందని బిడ్డలా అవి బతకలేదన్నమాట.

1943లో జర్మన్ సైన్యం ఇటలీలోకి వచ్చింది. రీటా ఫ్లోరెన్స్ నగరంలో తలదాచుకుంది. ఆ తర్వాత ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్లకు అక్కడే వైద్యం చేసింది. 1947లో అమెరికా నుంచి పిలుపు వచ్చింది. కొద్ది నెలలకని వెళ్లి దాదాపు 30 ఏళ్లు అక్కడే పనిచేసింది.

1952లో రీటా బ్రెజిల్ దేశం వెళ్లింది. క్యాన్సర్ గడ్డలున్న ఎలుకలను విమానంలో వెంట తీసుకుపోయింది. అక్కడ గాజు పలక మీద నరాల కణాలను పెట్టి, పక్కనే గడ్డ ముక్కను ఉంచింది. నరాలు సూర్యకిరణాల్లా చుట్టూ విచ్చుకున్నాయి! అంటే గడ్డ నుంచి ఏదో పదార్థం ఊరుతోంది. అదే నరాలను పెంచుతోంది. స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రవేత్త ఆ పదార్థాన్ని విడదీశాడు. దానికి నర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ అని పేరు. నరాలను పెంచేది అని అర్థం.

ఈ పదార్థం పని నరాలతో ఆగలేదు. ఒంట్లో రోగాలతో పోరాడే కణాలు కూడా ఉంటాయి. 1977లో రీటా, ఆమె తోటి శాస్త్రవేత్త కలిసి పసి ఎలుకలకు ఈ పదార్థాన్ని ఎక్కించారు. పోరాడే కణాల్లో ఒక రకం బాగా పెరిగాయి. నరాలకూ, రోగాన్ని ఎదుర్కొనే శక్తికీ పొత్తు ఉందని దీనివల్ల తెలిసింది.

1986లో రీటాకూ కోహెన్‌కూ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. అప్పుడామెకు 77 ఏళ్లు. 2012లో, 103 ఏళ్ల వయసులో ఆమె చనిపోయింది. ముసలితనంలోనూ పని మానలేదు.

కంటి ముందు అద్దంలాంటి పొర ఉంటుంది. దాని నరాలు దెబ్బతింటే అక్కడ పుండు పడుతుంది. 2017లో యూరప్‌లో, 2018లో అమెరికాలో దీనికొక చుక్కల మందును అనుమతించారు. ఆ మందు రీటా కనుగొన్న పదార్థమే.

రీటా, ఆమె కవల సోదరి పావోలా 1992లో ఒక సంస్థ పెట్టారు. ఆ సంస్థ ఆఫ్రికాలోని ఆడపిల్లల చదువుకు డబ్బు సాయం చేసింది. దాన్ని వాళ్లు ఎవరి జ్ఞాపకార్థం పెట్టారో తెలుసా? ఆడపిల్లలకు పెద్ద చదువు వద్దన్న వాళ్ల నాన్న జ్ఞాపకార్థమే.