మీట నొక్కినా మోగని గంట

అమలాపురం: పిల్లలు గల్ఫ్ దేశాల్లోనో, హైదరాబాదులోనో ఉంటుండగా కోనసీమలో పలువురు వృద్ధులు ఒంటరిగా మిగిలారు. గేటు వద్ద ఎవరున్నారో తెరపై చూసి మాట్లాడే నెట్‌వర్క్ ఇంటర్‌కమ్ వారికి కొండంత అండ. బిగించిన నాడే అది మొరాయిస్తే పరికరాన్ని నిందించే ముందు తీగను పరీక్షించాలి.

గేటు పెట్టెకు విద్యుత్తు, మాట, చిత్రం అన్నీ ఒకే ఈథర్‌నెట్ తీగపై నడుస్తాయి. స్విచ్ నుంచి ఆ తీగ 100 మీటర్లు మించరాదు. కొబ్బరితోట నడుమ ఇల్లు, రోడ్డువార గేటు ఉన్నచోట ఈ హద్దు సులువుగా దాటిపోతుంది. రాగి పూసిన అల్యూమినియం తీగ చవకే గానీ నిరోధం ఎక్కువ. పగలు బాగున్న కెమెరా రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానే ఆగిపోతుంటే అనుమానించవలసింది దానినే. అంతర్వేది, ఓడలరేవు వంటి తీరగ్రామాల్లో ఉప్పుగాలికి కనెక్టర్లు చిలుము పట్టడం మరో తంటా.

తెర వెలిగినా చిత్రం రాకుంటే ఐపీ చిరునామాలు చూడాలి. రెండు పరికరాలకు ఒకే అంకె పడితే రెండూ తడబడతాయి.

2022 మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్ల అనంతరం కోనసీమలో రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ నిలిపివేశారు. ఫోన్ యాప్‌నే నమ్ముకున్న గంట అటువంటి వేళ మూగబోతుంది. ఇంట్లో తెర ఉండి, స్విచ్‌కు ఇన్వర్టర్ విద్యుత్తు అందితే స్థానిక నెట్‌వర్క్‌పైనే మోగే నమూనాలున్నాయి. పని అప్పగించుకునేటప్పుడు ఇంటర్నెట్ తీగ పీకి, మెయిన్ ఆపి, గంట మోగించి చూపమని మెకానిక్‌ను అడగాలి. డబ్బు ఆ తర్వాతే చెల్లించాలి.