బోరునీళ్లు అతికించిన ఎముకలు

చదునుపాదం ముదిరి నడవలేని పెద్దవాళ్లకు డాక్టర్లు మడమ దగ్గరి కీళ్లను స్క్రూలతో బిగించి ఎముకలను ఒకటిగా అతికిస్తారు. కీలు కదలదు కానీ నొప్పి తగ్గుతుంది. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు పల్లెల్లో బోరునీళ్లు ఏ డాక్టరూ లేకుండానే కీళ్లను బిగించేశాయి. నొప్పి మాత్రం మిగిల్చాయి.

ఇక్కడి నేల కింద ఉన్నది గ్రానైట్. అందులోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. చిన్నప్పటి నుంచి ఏళ్ల తరబడి తాగినవాళ్లకు ముందు పళ్లు గార పడతాయి, తర్వాత నడుము పట్టేస్తుంది. వెన్నుపూసలను కలిపే పట్టీలు సున్నం పేరుకుని గట్టిపడతాయి. పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి. పిల్లలకైతే మోకాళ్లు రాసుకునేలా కాళ్లు వంకరపోతాయి. ఆ కాళ్లను ఎముక కోసి నిటారుగా నిలబెట్టే ఆపరేషన్ ఉంది. బిగిసిన వెన్నును మళ్లీ వంగేలా చేసే ఆపరేషన్ లేదు.

ఫ్లోరైడ్ రోగం కొత్త సంగతేం కాదు. తెలుగునేల మీద ఈ రోగాన్ని నెల్లూరు జిల్లాలో గుర్తించి 1937లోనే రాశారు. నాగార్జునసాగర్ డ్యామ్‌ను నల్లగొండ జిల్లా సరిహద్దులోనే కట్టినా కృష్ణ నీళ్లు ఈ మెట్ట ఊళ్లకు ఎక్కలేదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే ‘నల్లగొండ పద్ధతి’ మాత్రం ఆఫ్రికా దాకా వెళ్లింది! 1996లో కడుపుమండిన జనం నల్లగొండ లోక్‌సభ స్థానానికి నామినేషన్లు గుప్పించారు. 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పుస్తకమంత అయి పోలింగే వాయిదా పడింది. అదే ఏడాది లోక్‌సభ డిపాజిట్ ₹500 నుంచి ₹10,000కు పెరిగింది. నీళ్లు రాకముందే డిపాజిట్ పెరిగిందన్నమాట.

మిషన్ భగీరథ పథకంతో కృష్ణ నీళ్లు చివరికి నల్లాల్లోకి వచ్చాయి. మంచిదే. అయితే అప్పటికే వంగిపోయిన నడుములను ఏ నల్లా నిలబెట్టదు. బాధితుల గొంతుగా నిలిచిన శివన్నగూడెం అంశాల స్వామి 2023లో కన్నుమూశారు. ఆయన తరంలో మిగిలినవాళ్లకు పింఛనుతోపాటు ఊళ్లోనే ఫిజియోథెరపీ, నరాల పరీక్ష అందించాల్సిన బాధ్యత సర్కారుదే.

మీది ఫ్లోరైడ్ ఊరై, ఇంట్లో తాగడానికి నల్లానీళ్లు, వంటకు బోరునీళ్లు వాడుతుంటే ఆ బోరునీళ్లను ఈ రోజే మానండి. కాచినా ఫ్లోరైడ్ పోదు.