నీళ్లు కొనుక్కునే ఇంట్లో ఆరోగ్యం



ఎండాకాలం వచ్చిందంటే మనలో చాలామంది ఇళ్లలో బియ్యం, పాల ఖర్చుతోపాటు మంచినీళ్ల ఖర్చు కూడా చేరుతుంది. 20 లీటర్ల క్యాను 20 రూపాయలు అనుకుందాం. ఐదుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు రోజుకు ఒక క్యాను పడుతుంది. అంటే నెలకు 600 రూపాయలు. ఈ లెక్కన 1,000 లీటర్లకు 1,000 రూపాయలు! ఇంట్లో మున్సిపల్ కుళాయి ఉన్నవారు అన్ని నీళ్లకు కట్టేది ఇందులో చాలా కొద్ది భాగమే. హైదరాబాదులో 2021 జనవరి నుండి ఇళ్లకు నెలకు 20,000 లీటర్లు ఉచితంగా ఇచ్చే పథకం మొదలైంది. కాని అది కనెక్షన్ ఉన్న ఇళ్లకే. కుళాయి లేని పేదవారే లీటరుకు ఎక్కువ ధర ఇస్తున్నారు.

చేతిలో డబ్బు లేని రోజున దాహం ఆగదు. ఆ రోజు తక్కువ తాగుతాము, లేదా దొరికిన నీళ్లు తాగుతాము. రెండూ జబ్బుకు దారులే.

దక్షిణాఫ్రికాలో జరిగినది

క్వాజులూ నాటాల్ రాష్ట్రంలో కొన్ని పల్లెలకు వీధి కుళాయిల నీళ్లు ఏళ్ల తరబడి ఉచితంగా వచ్చేవి. తరువాత అక్కడ ముందుగా డబ్బు కట్టే కార్డు పద్ధతి పెట్టారు. కట్టలేనివారు నదులకు, మడుగులకు వెళ్లారు. 2000 ఆగస్టులో ఆ ప్రాంతంలో కలరా మొదలై రాష్ట్రమంతా వ్యాపించింది. లక్షమందికి పైగా జబ్బుపడ్డారు, 200 మందికి పైగా చనిపోయారు. మరుగుదొడ్లు చాలకపోవడం కూడా ఒక కారణమే. అయినా నీటి ధర జనాన్ని చెడ్డ నీటివైపు నెట్టిందని అందరికీ అర్థమయింది. 2001 జులై నుండి ఆ దేశంలో కుటుంబానికి నెలకు 6,000 లీటర్లు ఉచితంగా ఇచ్చే విధానం అమలులోకి వచ్చింది.

తక్కువ తాగితే

ఇంట్లో అందరూ తాగాక చివరకు తాగేది తల్లే. నీళ్లు తగ్గితే మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు, కిడ్నీలో రాళ్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఎండలో కూలికి వెళ్లేవారికి వడదెబ్బ ముప్పు ఉంది.

మరొక ముఖ్యమైన మాట. పిల్లలకు విరేచనాలైనప్పుడు నీళ్లు పొదుపు చేయాలని ఓఆర్ఎస్ పొడిని తక్కువ నీటిలో కలపకండి. ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రాణాపాయం కలుగవచ్చు. లీటరు ప్యాకెట్టు మొత్తాన్ని సరిగ్గా ఒక లీటరు శుభ్రమైన నీటిలోనే కలపాలి.

ఖర్చు తగ్గించే మార్గాలు

1. కొన్న నీటిని తాగడానికి, వంటకు మాత్రమే వాడండి. గిన్నెలు, బట్టలకు బోరు నీళ్లు చాలు.

2. కుళాయి నీటిని తాగాలంటే కళపెళ కాగిన తరువాత ఒక నిమిషం మరగనివ్వండి. గ్యాసు ఖర్చు భారమైతే క్లోరిన్ మాత్ర వాడండి. ప్యాకెట్టుపై రాసిన కొలత ప్రకారం వేసి అరగంట ఆగి తాగండి. ఇవి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరుకుతాయేమో అడగండి.

3. బిందెపై మూత ఉంచండి. చెయ్యి ముంచకుండా కాడ ఉన్న గరిటెతో తీయండి. క్యాను, దాని కుళాయి తరచుగా కడగండి.

4. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో బోరు నీళ్లు మరగబెట్టినా ఫ్లోరైడ్ పోదు. అక్కడ పథకం ద్వారా వచ్చే నది నీటినే తాగండి.

5. వీధికి కుళాయి లేకపోతే పదిమంది కలిసి పంచాయతీకి గాని, మున్సిపాలిటీకి గాని అర్జీ ఇవ్వండి. ఒక్కరు అడిగితే జరగని పని పదిమంది అడిగితే జరుగుతుంది.

ఇంట్లో కుళాయి ఉన్న కుటుంబాలకు మా మనవి: పక్కింటివారు బిందె పట్టుకొని వస్తే కాదనకండి. ఒక బిందె మంచినీళ్లు ఆ ఇంట్లో పసిబిడ్డను ఆసుపత్రి మంచానికి దూరంగా ఉంచగలవు. విరేచనాలలో బిడ్డ కళ్లు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా ఆలస్యం చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.