రూపాయి బిళ్లంత గాజుకు ఏ పనిముట్టు?

దిల్‌సుఖ్‌నగర్‌లో మగ్గం వర్క్ సామాను అమ్మే దుకాణాల్లో గుండ్రటి అద్దాలు పొట్లాలుగా దొరుకుతాయి. ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని దేవరకొండ వైపు వెళితే వచ్చే లంబాడీ తండాల్లో కాంచళి అనే రవికకూ ఫేటియా అనే పావడాకూ మెరుపు తెచ్చేవీ అలాంటి అద్దాలే. కావలసిన కొలత కొనుక్కోగలిగినంతవరకూ చిక్కేమీ లేదు. రంగు గాజుతో లోలాకులు చేయాలన్నా, పాత అద్దం ముక్కలు వాడుకోవాలన్నా, పొట్లంలో లేని కొలత కావాలన్నా బిళ్లను మనమే తీసుకోవాలి. మంచి గ్లాస్ కట్టర్ ఒకటి కొనుక్కోమని సాధారణంగా సలహా వస్తుంది. పళ్లెమంత వృత్తానికి ఆ సలహా సరైనదే. బిళ్ల రూపాయంతకు దిగిందంటే మాత్రం గీత గీసి విరిచే పద్ధతిని వదిలి అరగదీసే పద్ధతికి మారాలి. ఎక్కడ మారాలో తేల్చేవి మూడు: బిళ్ల వ్యాసం, గాజు మందం, అంచు బయటికి కనబడుతుందా లేదా అన్నది.

గ్లాస్ కట్టర్ చక్రం గాజు లోపలికి దిగి కోసేది చాలా తక్కువ. అది పైపొరలో సన్నటి పగులు మొదలుపెడుతుంది, అంతే. తర్వాత వేళ్లతో వంచినప్పుడు ఆ పగులే అడుగుదాకా పరిగెత్తుతుంది. దీని వెనుక ఉన్న సూత్రాన్ని బ్రిటిష్ ఇంజనీరు ఎ.ఎ. గ్రిఫిత్ 1921లో అచ్చైన తన పత్రంలో వివరించాడు. అణువుల బంధాలను బట్టి లెక్కవేస్తే గాజు ఎంతో బలమైనది కావాలి. కానీ దాని ఒంటిమీద కంటికి కనబడని పగుళ్లుంటాయి, వాటి మొనల దగ్గర ఒత్తిడి పోగుపడుతుంది. పగులు పెరిగినప్పుడు విడుదలయ్యే శక్తి, కొత్త తలాలు ఏర్పడటానికి ఖర్చయ్యే శక్తిని మించితే అది ఆగదు. కట్టర్ చేసే మేలల్లా ఆ పగులు ఎక్కడ మొదలవ్వాలో మనం చెప్పగలగడం. ఒకే గీతను రెండోసారి గీస్తే పక్కపగుళ్లు పుట్టి ఆ అదుపు పోతుంది. అద్దమైతే పూత వైపు కాక గాజు వైపే గీయాలి.

చిన్న వృత్తంలో ఈ అదుపే కష్టమవుతుంది. సక్షన్ కప్పు మీద తిరిగే వృత్తాకారపు కట్టర్‌తో చక్కటి గుండ్రటి గీత గీయవచ్చు, అసలు పరీక్ష విరవడంలో ఉంది. వంచే బలం గీతకు ఎంత దూరంలో పనిచేస్తే అంత ప్రభావం. గీతకు 100 మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుని సులువుగా విరిచే గాజును 5 మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుంటే, అదే వంపుకు 20 రెట్లు బలం కావాలి. అంత బలం పెట్టేసరికి చేయి వణుకుతుంది, పగులు వంపును వదిలి తిన్నగా బయటికి పోతుంది. బయటి గాజును అడ్డగీతలతో ముక్కలు చేసి ఒక్కొక్కటే పటకారుతో తీయడం దీనికి విరుగుడు. 20 మిల్లీమీటర్ల బిళ్లకు ఆ శ్రమంతా పడ్డా అంచును మళ్లీ అరగదీయక తప్పదు. చివరికి అరగదీతే శరణ్యమైనప్పుడు దానితోనే మొదలుపెట్టడం తెలివైన పని.

తరతరాలుగా ఆడవాళ్లు మామూలు కత్తెరతో అద్దాలు గుండ్రంగా చేసుకోలేదా అని అడగవచ్చు. చేసుకున్నారు, ఆ పద్ధతి వెనుక శాస్త్రమూ ఉంది. ఆ అద్దం వేరు: గుజరాత్‌లోని కపడ్‌వంజ్ లాంటి చోట్ల గాజును పెద్ద బుడగగా ఊది, లోపల పూత పోసి, పగలగొట్టిన పలచటి పెంకు అది. కత్తెర దాని అంచును కొంచెం కొంచెంగా చిదుపుతుంది. నీళ్లలో ముంచి కత్తిరిస్తే ఇంకా సులువంటారు. నీటి అణువులు పగులు మొనలోని సిలికాన్-ఆక్సిజన్ బంధాలను తెంచడానికి సాయపడతాయని, తేమ పెరిగితే పగులు వేగం పెరుగుతుందని 1967లో అమెరికా శాస్త్రవేత్త వీడర్‌హార్న్ కొలిచి చూపాడు. కత్తెర అంచు గరుకుగానే ఉంటుంది, కానీ అది కుట్టు కింద దాగిపోతుంది. కాబట్టి పలచటి అద్దం, దాగే అంచు అయితే కత్తెరో, మొజాయిక్ పటకారో చాలు. 3 మిల్లీమీటర్ల గాజుతో చేసే లోలాకుకు అంచే అందం, అక్కడ ఈ పద్ధతి సరిపోదు.

అక్కడ పనికొచ్చేది డైమండ్ కోర్ బిట్. ఇది డ్రిల్లుకు తగిలించే, వజ్రపు రజను అంటించిన గొట్టం. గాజును గుండ్రంగా అరగదీస్తూ దిగుతుంది, మధ్యలో బిళ్ల మిగులుతుంది. కొనేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. బిట్ మీద రాసిన కొలత సాధారణంగా రంధ్రానిది. గొట్టం గోడ 1 మిల్లీమీటరైతే 20 బిట్‌తో వచ్చే బిళ్ల 18 మిల్లీమీటర్లే. రెండో లెక్క వేగానిది. 20 మిల్లీమీటర్ల బిట్ నిమిషానికి 600 సార్లు తిరిగితే దాని అంచు సెకనుకు సుమారు 0.63 మీటర్లు కదులుతుంది. 6 మిల్లీమీటర్ల బిట్‌కు ఆ వేగమే కావాలంటే 2000 సార్లు తిరగాలి. అందుకే పెద్ద బిట్‌ను నెమ్మదిగా తిప్పాలి.

డ్రిల్లు వేడికి గాజు పగలదా అన్నది న్యాయమైన సందేహమే. మామూలు కిటికీ గాజులో ఒకచోటికీ పక్కచోటికీ 50 డిగ్రీల తేడా వస్తే పుట్టే ఒత్తిడి 40 మెగాపాస్కల్స్ దాకా చేరవచ్చు. గీతలు పడిన గాజు విరగడానికి అంత చాలు. కాబట్టి నీళ్లు తప్పనిసరి. అవి వేడిని లాగేస్తాయి, గాజు రజను ఊపిరితిత్తుల్లోకి పోకుండా పట్టేస్తాయి. తీగతో నడిచే డ్రిల్లు దగ్గర నీళ్లు ప్రమాదం కనుక బ్యాటరీ డ్రిల్లు మేలు, కళ్లద్దాలు తప్పనిసరి. బిట్ గాజు దాటేచోట పెచ్చులు లేస్తాయి, కింద చెక్క పెట్టి చివర్లో ఒత్తిడి తగ్గించాలి. కారు పక్క కిటికీల్లాంటి టఫెన్డ్ గాజు జోలికి మాత్రం ఏ పనిముట్టుతోనూ పోకూడదు. అది మొత్తంగా నలిగి గింజలవుతుంది.

ఖర్చు మాటేమిటి? బిట్ అరిగిపోతుంది, కొలతకొకటి కొనాలి. గ్లాస్ కట్టర్ ఒకటే అన్ని కొలతలకూ వస్తుంది. కానీ విరిగిన గాజునూ, అరగదీతకు పట్టే సమయాన్నీ కలిపితేనే లెక్క పూర్తవుతుంది. ఒకే కొలతలో పదుల బిళ్లలు కావాలంటే బిట్ కొనడమే లాభం. ఒకటి రెండు కావాలంటే పటకారుతో చిదిపి, తడి సానరాయి మీద నునుపు చేసుకోవచ్చు. 50 మిల్లీమీటర్లు దాటితే కట్టర్‌కు తిరిగి రావచ్చు. బట్ట మీద కుట్టే మామూలు అద్దాలకైతే ఏ పనిముట్టూ కొననక్కర్లేదు, దుకాణంలో పొట్లం అన్నిటికన్నా చవక.