విక్టోరియా రాణి భవనం బాపు మ్యూజియం ఎలా అయింది?

విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియానికి ఆ పేరు వచ్చింది 2020లో. అంతకుముందు అది విక్టోరియా జూబిలీ మ్యూజియం. ఒక సామ్రాజ్ఞి పేరుతో మొదలైన కట్టడం ఆమె సామ్రాజ్యాన్ని ఎదిరించిన మనిషి పేరు పెట్టుకోవడం వెనుక పెద్ద కథే ఉంది.

కట్టింది ఎందుకు?

విక్టోరియా రాణి పాలనకు 50 ఏళ్లు నిండిన సందర్భంగా 1887 జూన్ 27న అప్పటి కృష్ణా జిల్లా కలెక్టర్ రాబర్ట్ సెవెల్ దీనికి శంకుస్థాపన చేశారు. మొదట్లో ఇది మ్యూజియం కాదు. వ్యవసాయ, పారిశ్రామిక ఉత్పత్తులను ప్రదర్శించే హాలుగా వాడేవారు.

సెవెల్‌కు చరిత్ర మీద ఆసక్తి ఎక్కువ. విజయనగర సామ్రాజ్యంపై 1900లో పుస్తకం రాసింది ఆయనే. 1877లో అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపిందీ ఆయనే.

జెండా కథ

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. మచిలీపట్నం జాతీయ కళాశాలలో పనిచేసిన పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించింది అప్పుడే. అందులో ఎరుపు, ఆకుపచ్చ రంగులు, మధ్యలో రాట్నం ఉండేవి. ఇతర మతాల వారికీ చోటుండాలని గాంధీజీ తెలుపు కూడా చేర్చమన్నారు. ఆ నమూనా మార్పులు చెంది 1931లో కాంగ్రెస్ జెండాగా, 1947లో అశోక చక్రంతో జాతీయ పతాకంగా మారింది. మ్యూజియానికి గాంధీజీ పేరు పెట్టడానికి ఈ ఘట్టమే ఆధారం.

లోపల ఏముంది?

1962లో భవనం పురావస్తు శాఖ చేతికి వచ్చి మ్యూజియంగా స్థిరపడింది. శిల్పాలు, నాణేలు, ఆయుధాలు, శాసనాలు ఇక్కడ ఉన్నాయి. పూర్వపు కృష్ణా జిల్లా అల్లూరులో దొరికిన తెల్ల సున్నపురాతి బుద్ధ విగ్రహం వీటిలో పేరున్నది. మరమ్మతుల తర్వాత 2020 అక్టోబరు 1న మ్యూజియాన్ని తిరిగి ప్రారంభించారు.

పేరు కంటే ముఖ్యమైనది

అల్లూరు బుద్ధుడి ముందు నిలబడితే అమరావతి గుర్తుకు రాక మానదు. కృష్ణా ఒడ్డునే ఉన్న ఆ స్తూపం శిల్పాలు 19వ శతాబ్దంలో ముందు మద్రాసు, ఆ తర్వాత లండన్ చేరాయి. నేటికీ వందకు పైగా శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మన ఊరి శిల్పాన్ని చూడాలంటే వీసా తీసుకోవలసిన పరిస్థితి. అల్లూరు బుద్ధుణ్ని చూడటానికి మాత్రం సిటీ బస్సు టికెట్ చాలు.

స్థానిక మ్యూజియం ఎందుకని అడిగేవారికి జవాబు ఈ తేడాలోనే ఉంది. దొరికిన వస్తువును దొరికిన నేలకు దగ్గరగా ఉంచితే ఆ ఊరి పిల్లలు దాన్ని పాఠ్యపుస్తకంలో బొమ్మగా కాక, కళ్లెదుట చూస్తారు. విక్టోరియా పేరు పోయి బాపు పేరు రావడం ఒక మార్పే. కానీ రాణి కోసం కట్టిన గోడల మధ్య మన రాళ్లు మన దగ్గరే ఉండటం అంతకంటే పెద్ద మార్పు.