అడవి అంచు బడులు: అపోహలు – వాస్తవాలు

గోదావరి ఎడమ గట్టున భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల మీదుగా ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వరకు, కుడి గట్టున మణుగూరు, కరకగూడెం, గుండాల అడవుల వరకు పరచుకొన్న ప్రాంతం 2016 అక్టోబరు 11 దాకా ఖమ్మం జిల్లాలో భాగంగా ఉండి, ఆనాటి నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాగా వేరుపడింది. ఈ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా షెడ్యూల్డ్ తెగలవారే. తరతరాలుగా ఇక్కడే ఉన్న కోయలు, కొండరెడ్లు, లంబాడీలతో పాటు, 2005లో బస్తర్ ప్రాంతంలో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైన తర్వాత ఇళ్ళూ పొలాలూ విడిచి వచ్చిన గుత్తికోయలు కూడా ఈ అడవుల్లో గూడేలు కట్టుకొన్నారు. ఇక్కడి పిల్లల కోసం ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు ఉన్నాయి. వాటికి అందని పిల్లల కోసం ఒక్క ఉపాధ్యాయుడితో నడిచే గూడెం బడులు, బడి మానేసినవారిని తిరిగి తరగతికి చేర్చే ప్రత్యేక శిక్షణ కేంద్రాలు, సార్వత్రిక పాఠశాల తరగతులు ఉన్నాయి. మామూలు బడి గంటలకూ తరగతి మెట్లకూ ఒదగని పిల్లలకు చదువు అందించే ఈ ఏర్పాట్లన్నిటినీ కలిపి ప్రత్యామ్నాయ పాఠశాలలు అనవచ్చు.

నెలలో సగం రోజులు బడికి రానివారు, వయసుకు తగిన తరగతి కన్నా రెండు మూడేళ్ళు వెనకబడినవారు, ఇంటి భాష ఒకటీ బడి భాష మరొకటీ అయినవారు, కుటుంబంలో తొలిసారిగా పలక పట్టినవారు బడికి పూర్తిగా దూరమయ్యే ప్రమాదంలో ఉన్న పిల్లలు. ఇటువంటివారికి ఎవరి స్థాయి నుంచి వారికి పాఠం మొదలు కావాలని, ఆ పాఠం వారు కోరుకొనే జీవనోపాధి వైపు దారి చూపాలని విద్యావేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. ఆ పని ముందుకు సాగకపోవడానికి నిధుల కొరత ఒక కారణం కాగా, పిల్లల గురించీ వారి చదువు గురించీ పాతుకుపోయిన కొన్ని అపోహలు అంతకన్నా పెద్ద కారణం.

అపోహ: బడి మానేసిన పిల్లలకు చదువు మీద ఆసక్తి లేదు, వారి తల్లిదండ్రులకు పట్టింపు లేదు.

ఈ మాట తప్పని తెలుగు నేల మీదనే రుజువైంది. శాంతా సిన్హా నాయకత్వంలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991లో రంగారెడ్డి జిల్లాలో శిబిరాలు ప్రారంభించి, పొలాల్లో, పశువుల వెంట, ఇటుక బట్టీల దగ్గర ఉన్న పిల్లలను కొన్ని నెలల పాటు అక్కడే ఉంచి, వయసుకు తగిన తరగతికి సిద్ధం చేసి బడిలో చేర్పించింది. పని నుంచి బడికి వంతెన వేసే ఈ పద్ధతికి బ్రిడ్జి కోర్సు అని పేరు వచ్చింది. ఇంటికి కూలి డబ్బు తెచ్చే పిల్లలను సైతం పేద తల్లిదండ్రులు నమ్మకం కుదిరాక శిబిరాలకు పంపారు. బడిలో లేని ప్రతి పిల్లవాడూ బాల కార్మికుడేనన్న ఆ సంస్థ వాదం దేశవ్యాప్తంగా చర్చకు వచ్చింది. 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

ఆసక్తి ఉన్నా పిల్లలు ఎందుకు ఆగిపోతారో తెలుసుకోవాలంటే అటెండెన్స్ రిజిస్టరును పంటల కాలంతో కలిపి చూడాలి. అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా పత్తి ఏరే పని, ఆ వెంటనే ఏప్రిల్ వరకు మిరప కోత, మార్చి చివర తెల్లవారుజామున చెట్ల కింద ఇప్పపువ్వు ఏరడం, ఏప్రిల్, మే నెలల్లో తునికాకు సేకరణ వరుసగా వస్తాయి. జూన్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగిసే విద్యా సంవత్సరంలో చదువు చిక్కబడి పరీక్షలు దగ్గరపడే నెలలూ, గూడెం ఏడాది సంపాదనలో ఎక్కువ భాగం చేతికి వచ్చే నెలలూ ఒకటే. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ కారణంగా ములుగు జిల్లా పేరూరు మిరప చేల నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు కాలినడకన బయలుదేరిన పన్నెండేళ్ళ ఆదివాసీ బాలిక, మూడు రోజులు నడిచి ఇంటికి చేరువలోనే ప్రాణం విడిచింది. బడిలో ఉండవలసిన వయసులో, బడి నడిచే కాలంలో ఆ బిడ్డ రాష్ట్రం దాటి మిరప కోతకు రావలసి వచ్చింది. ఆ బాధ్యతను పిల్లల ఆసక్తి మీదికి నెట్టడం అన్యాయం.

అపోహ: ఒక్కొక్కరికి ఒక్కో పాఠం అంటే పిల్లవాడికో ట్యాబ్ ఉండాలి, పదిమందికో పంతులు ఉండాలి; అడవి బడిలో అది కుదరదు.

కుదురుతుందని చూపిన పద్ధతి మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీలో పుట్టింది. ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలు, ఒకే ఉపాధ్యాయుడు ఉండే పల్లె బడుల కోసం అక్కడి గ్రామీణ విద్యా కేంద్రంలో వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడదీసి, ఆ కార్డుల క్రమాన్ని నిచ్చెన రూపంలో గోడ మీద పెట్టారు. నిచ్చెనలో ప్రతి మెట్టుకూ ఒక బొమ్మ గుర్తు ఉంటుంది. పిల్లవాడు తాను ఏ మెట్టు మీద ఉన్నాడో తానే చూసుకొని, ఆ గుర్తున్న కార్డు తీసుకొని, ఆ పని పూర్తిచేసి పై మెట్టుకు వెళతాడు. కర్ణాటకలోని నలి-కలికి, తమిళనాడులోని కృత్యాధార బోధనకు ఇదే మూలం.

భద్రాచలం అడవి అంచుకు ఈ పద్ధతి సరిగ్గా సరిపోవడానికి కారణం పిల్లల గైర్హాజరే. ఇప్పపువ్వు కాలంలో మూడు వారాలు రాని పిల్లవాడికి మామూలు తరగతిలో మూడు పాఠాలు శాశ్వతంగా పోతాయి, నాలుగో పాఠం అర్థం కాదు, ఆ సిగ్గుతోనే అయిదో వారం నుంచి రావడం మానేస్తాడు. నిచ్చెన ఉన్న బడిలో అతడు ఆగిన మెట్టు అలాగే ఉంటుంది, తిరిగి వచ్చిన రోజున అదే కార్డు అతడి చేతికి వస్తుంది. వయసునూ తరగతినీ పక్కన పెట్టి, చదవగలిగే స్థాయిని బట్టి పిల్లలను గుంపులుగా కూర్చోబెట్టే ప్రథమ్ సంస్థ పద్ధతికీ మూలసూత్రం ఇదే. ఇందుకు కావలసిన వస్తువులు అట్ట, రంగు, కత్తెర మాత్రమే. అయితే కార్డుల తయారీకి పట్టే కాలాన్ని, ఉపాధ్యాయుడికి ఇవ్వవలసిన శిక్షణను తక్కువగా అంచనా వేస్తే ఎంత మంచి పద్ధతైనా అటకెక్కుతుంది.

కార్డులోని లెక్క ఎక్కడి నుంచి రావాలన్న ప్రశ్నకు తునికాకు కల్లమే జవాబు చెబుతుంది. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక బస్తా, అంటే యాభై వేల ఆకులు. తల్లి పక్కన కూర్చొని ఆకులు పేర్చే అమ్మాయికి యాభై ఎంతో వేళ్ళకే తెలుసు. వంద కట్టలకు ఎంత రావాలో, కల్లంలో చేతికి వచ్చింది ఎంతో కూడా నోటితో చెప్పగలదు. అదే అమ్మాయి ‘50 × 100’ అని పలక మీద రాసి ఉంటే బిత్తరపోతుంది. లెక్క ఆమెకు ముందే తెలుసు గనుక, ఆ తెలివిని అంకెల రాతకు జతచేసే మెట్టును కట్టవలసింది బడే.

అపోహ: ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలకు మొదటి రోజు నుంచే తెలుగో ఇంగ్లీషో చెబితే త్వరగా ఎదుగుతారు.

నిజాం పాలనలో 1943లో ఆదిలాబాదు అడవుల్లోని మార్లవాయిలో మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చి, గోండీ భాషలో వాచకాలు తయారు చేసి బడులు నడిపారు. ఆరు దశాబ్దాల తర్వాత, 2004లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో, ఇంటి భాషతో మొదలుపెట్టి క్రమంగా తెలుగులోకీ ఇంగ్లీషులోకీ తీసుకువెళ్ళే బహుభాషా విద్యను ప్రారంభించింది. బోధన వీలైనంతవరకు మాతృభాషలో సాగాలని విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. కోయలో మొదలుపెట్టడం తెలుగును దూరం చేయడానికి కాదు. తెలిసిన మాటతో చదవడం పట్టుబడిన పిల్లవాడు ఆ చదివే నేర్పునే కొత్త భాషకు మోసుకెళతాడు. ఇందుకు ఆ భాష తెలిసిన ఉపాధ్యాయులు కావాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 సంవత్సరపు జీవో నంబర్ 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. నూటికి నూరు శాతం కేటాయింపు రాజ్యాంగం ముందు నిలవకపోయినా, కోయ తెలిసిన మనిషి తరగతిలో ఉండవలసిన అవసరం మాత్రం చెక్కుచెదరలేదు.

అపోహ: వృత్తి వైపు నడిపే చదువు తెలివి తక్కువ పిల్లలకే, అది ఆదివాసీ బిడ్డలను కూలిపనికే కట్టిపడేస్తుంది.

ఈ అపోహలో రెండు భాగాలున్నాయి. మొదటి భాగం అహంకారం, దానికి జవాబు అక్కరలేదు. రెండో భాగంలోని భయానికి చారిత్రక కారణాలున్నందున దానిని గౌరవంగా విని జవాబు చెప్పాలి. పేద పిల్లలకు చేతిపని, ఉన్నవారి పిల్లలకు కాలేజీ అని ముందే గీత గీసే ఏర్పాటు ఏదైనా తిరస్కరించవలసిందే. వృత్తి కేంద్రంగా విద్య అంటే ఆ గీత గీయడం కాదు. పిల్లవాడికి ఇష్టమైన పనిని ఆధారం చేసుకొని భాష, గణితం, విజ్ఞాన శాస్త్రం నేర్పడం, పై చదువు తలుపులన్నీ తెరిచి ఉంచడం దాని అర్థం.

అమెరికాలో 1969లో ఫిలడెల్ఫియాలో మొదలైన కెరీర్ అకాడమీలు, అంటే పెద్ద హైస్కూలులోనే ఒక వృత్తి రంగం చుట్టూ ఏర్పడిన చిన్న బడులు, ఈ విషయంలో గట్టి ఆధారాన్ని ఇచ్చాయి. తొమ్మిది బడుల్లో లాటరీ పద్ధతిలో ఎంపికైన విద్యార్థులను, ఎంపిక కానివారిని హైస్కూలు తర్వాత ఎనిమిదేళ్ళ పాటు గమనించిన అధ్యయనంలో, అకాడమీల్లో చేరినవారి వార్షిక ఆదాయం సగటున 11 శాతం ఎక్కువగా ఉంది. పై చదువుల్లో వారు రెండో గుంపు కన్నా వెనకబడలేదు. ప్రావిడెన్స్ నగరంలో 1996లో ప్రారంభమైన మెట్ అనే బడి ఇంకొక అడుగు ముందుకు వేసింది. అక్కడ విద్యార్థి, తల్లిదండ్రులు, ఉపాధ్యాయుడు, పని నేర్పే గురువు నలుగురూ కూర్చొని ఒక్కొక్కరికి ఒక్కో అభ్యసన ప్రణాళిక రాస్తారు, వారంలో రెండు రోజులు విద్యార్థి బయటి పనిచోట నేర్చుకొంటాడు.

ఇటువంటి ప్రణాళిక భద్రాచలంలో ఎలా ఉండగలదో ఊహించడం కష్టం కాదు. కస్తూర్బా విద్యాలయంలో ఎనిమిదో తరగతి చదువుతూ నర్సు కావాలనుకొనే అమ్మాయి పేరిట ఒక పేజీ ఉంటే, దాని చివరి వరుసలో నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్, దాని పైన ఇంటర్‌లో బైపీసీ, దాని పైన పదో తరగతి విజ్ఞాన శాస్త్రం, అన్నిటికన్నా పైన ఈ నెలలో పూర్తిచేయవలసిన భిన్నాలు, శాతాలు ఉంటాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి, మలేరియా పరీక్షల్లో వందకు ఎంతమందికి వ్యాధి నిర్ధారణ అయిందో నమోదు పుస్తకం చూసి లెక్క కట్టిన రోజున శాతం అనే పాఠం ఆమెకు సొంతమవుతుంది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి లేకుండా పది రోజులు స్థానిక పనివారి దగ్గర గడపమని సూచించింది కనుక ఇందుకు అధికారిక ఆధారమూ ఉంది.

ఈ ప్రాంతంలో చదువుకు తగ్గ పని లేదనడం కూడా నిజం కాదు. ఇల్లందులో 1889 నుంచి బొగ్గు తవ్వుతున్నారు. కొత్తగూడెంలో సింగరేణి ప్రధాన కార్యాలయం, పాల్వంచలో, మణుగూరులో విద్యుత్ కేంద్రాలు, సారపాకలో కాగితం మిల్లు, అశ్వారావుపేటలో పామాయిల్ ఫ్యాక్టరీ, అటవీ ఫలసాయం కొనే గిరిజన సహకార సంస్థ ఉన్నాయి. వీటి గేటు దాటడానికి ఏ పత్రం కావాలో, అది ఎన్నేళ్ళలో వస్తుందో గూడెంలో చెప్పేవారే తక్కువ. ఐటీఐలో వెల్డర్ కోర్సు ఏడాది, వైర్‌మన్ కోర్సు రెండేళ్ళు. రెండింటికీ ఎనిమిదో తరగతి చాలు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ కోర్సులకు పదో తరగతి కావాలి, అవీ రెండేళ్ళే. ఈ నాలుగు సంగతులు ఏడో తరగతి గోడ మీద రాసి పెట్టడానికి ఏ జీవో అక్కరలేదు.

ఒక హద్దు మాత్రం దాటకూడదు. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం ప్రకారం బడి వేళల తర్వాత కుటుంబ పనిలో సాయపడడం వంటి కొద్ది మినహాయింపులు తప్ప, 14 ఏళ్ళలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోరాదు. 14 నుంచి 18 ఏళ్ళ మధ్యవారిని గనుల్లో, పేలుడు పదార్థాల దగ్గర, ఇతర ప్రమాదకర పనుల్లో పెట్టుకోరాదు. పని చూపించి నేర్పడం బడి బాధ్యత. నేర్పుతున్నామని చెప్పి పని చేయించుకోవడం నేరం.

అపోహ: ఓపెన్ స్కూల్ సర్టిఫికెట్ చెల్లదు.

ఓపెన్ స్కూల్ పదో తరగతి, ఇంటర్ సర్టిఫికెట్లు మామూలు సర్టిఫికెట్లతో సమానం. ఒకేసారి అన్ని సబ్జెక్టులూ రాయనక్కరలేదు, ప్యాసైన సబ్జెక్టు మార్కులు అలాగే నిలిచి ఉంటాయి. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో ఒకసారి నమోదు చేసుకొంటే అయిదేళ్ళలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి. పెళ్ళయిన అమ్మాయికీ, పత్తి చేనుకు వెళ్ళే యువకుడికీ ఇంతకన్నా అనువైన దారి లేదు.

అపోహ: ఒకసారి బడి దాటిపోయిన పిల్లవాడిని, వయసు మీరాక, కాగితాలు లేకుండా చేర్చుకోవడం కుదరదు.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టం నాలుగో సెక్షన్, బడి మానేసిన పిల్లవాడిని వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలని, మిగతావారితో సమానం కావడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని చెబుతోంది. ఆ శిక్షణ కనీసం మూడు నెలలు, గరిష్ఠంగా రెండేళ్ళు సాగాలని కేంద్ర నిబంధనల్లో ఉంది. ప్రత్యామ్నాయ కేంద్రం పిల్లవాడిని ఏళ్ళ తరబడి విడిగా ఉంచే చోటు కాదని దీని భావం. పద్నాలుగేళ్ళు నిండిపోయినా, ఇలా చేరిన పిల్లవాడికి ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఉచిత విద్య హక్కుగా ఉంటుంది. చర్ల అడవిలోని గుత్తికోయ గూడెం నుంచి జనన ధ్రువపత్రం లేకుండా వచ్చిన బాలికను ‘కాగితం తెచ్చుకో’ అని గేటు దగ్గర నుంచే వెనక్కి పంపే అధికారం ఏ ప్రధానోపాధ్యాయుడికీ లేదు. వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించరాదని అదే చట్టం 14వ సెక్షన్‌లో రాసి ఉంది.